పెద్దమ్మ వాళ్ళ పడక్కుర్చీ

ఆ రోజుల్లో అసూయ పడడానికి ఎక్కువ దూరం పోవలసిన పని ఉండేది కాదు. ఇప్పుడు ఎవరో ఎక్కడో మేడ కట్టారని పేపర్లో చదివి కుళ్ళుకుంటున్నాం గానీ, నా చిన్నప్పుడు నాకు కావలసిన అసూయ అంతా గోడకవతలే దొరికేది. మా ఇంటికీ మా పెదనాన్న ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఆ గోడకి పెరటివైపు మనిషి పట్టేంత దారి ఉండేది (దానికి తలుపు లేదు. పెడితే అన్నదమ్ములు విడిపోయారని ఊరు అనుకుంటుందని మా అవ్వ పెట్టనివ్వలేదు). ఆ దారిలో చింతపండు అటు, కందిపప్పు ఇటు, అట్లపెనం అటూ ఇటూ రోజంతా తిరుగుతూనే ఉండేవి. నా అసూయ మాత్రం అటు పోవడమే గానీ ఇటు తిరిగొచ్చిన పాపాన పోలేదు.

పెదనాన్నకు ఒకతే కూతురు. నాకంటే నెల తిరక్కుండా ముందు పుట్టింది. ఆ మాత్రం పెద్దరికానికి నేను ఆమెను జన్మంతా 'అక్కా' అని పిలవాలట. ఇదెక్కడి న్యాయమని నాకు మాటలు వచ్చినప్పటి నుంచీ అడుగుతూనే ఉన్నాను, ఇంతవరకూ ఎవరూ సరైన జవాబు చెప్పలేదు. ఆమె మాట్లాడితే పక్కన పడుకున్న పిల్లి కూడా కళ్ళు తెరిచేది కాదు. అందుకని ఊరంతా ఆమెకు నెమ్మదమ్మ అని పేరు పెట్టింది. నాకు మా నాయన పెట్టిన పేరు వకీలమ్మ. బడిలో ఇద్దరం ఒకే బల్ల మీద కూర్చునేవాళ్ళం. మార్కులు నాకు ఎక్కువ వచ్చేవి, మెచ్చుకోళ్ళు ఆమెకు ఎక్కువ వచ్చేవి. లెక్క తప్పు చేసి తల వంచుకుంటే "పాపం, బిడ్డ" అనేవారు అయ్యవారు. నేను లెక్క సరిగ్గా చేసి, బోర్డు మీద ఆయన చేసిన లెక్కే తప్పని చూపిస్తే బయట నిలబెట్టేవారు.

ఆస్తిపాస్తుల సంగతికొస్తే, భూములన్నీ ఇంకా మా తాతయ్య పేరు మీదే ఉన్నా, నోటిమాట మీద అన్నదమ్ములు ఎవరిది వాళ్ళు చేసుకునేవారు. నాయనకు వరి పండే నేల వచ్చింది. పెదనాన్నకు సముద్రం పక్క ఇసుకదిబ్బలు వచ్చాయి. "పాపం అన్నకి ఇసుక వచ్చిందే" అని నాయన జాలిపడ్డాడట కూడా. పెదనాన్న ఆ ఇసుకలో సరుగుడు తోటలు వేశాడు. మద్రాసులో పొయ్యిలన్నిటికీ మా పెదనాన్న కట్టెలే కావలసి వచ్చాయో ఏమో, తోట కొట్టిన ప్రతిసారీ వాళ్ళింట్లోకి ఏదో ఒకటి వచ్చేది. ఒకసారి పడక్కుర్చీ వచ్చింది. ఒకసారి మా ఊరు ఎరగని స్టీలు గ్లాసులు వచ్చాయి. మరొకసారి బ్యాటరీతో పాడే రేడియో వచ్చింది. మాకు ఒకసారి తుపాను వచ్చింది. ఉప్పునీళ్ళు పొలం మీదికెక్కి, వేసిన నారు వేసినట్టే మాడిపోయింది.

ఆ తుపాను ఏడాదే మేమిద్దరం పి.యు.సి. పాసయ్యాం. రైలెక్కి పోవలసినంత దూరాన ఉన్న యూనివర్సిటీలో బి.ఎ. ఆనర్సు చదవాలని నాకు పట్టుదల. ఆ యూనివర్సిటీలో చదివిన పాత విద్యార్థులంతా కలిసి ఒక సంఘం పెట్టుకుని, కొత్తగా చేరబోయే వాళ్ళలో మా వైపు నుంచి ఏటా ఒక ఆడపిల్లకు స్కాలర్‌షిప్ ఇస్తున్నారని తెలిసింది. హాస్టలు, పుస్తకాలు అన్నీ అందులోనే. షరతు ఒకటే. పిల్ల చదువులో ముందుండాలి, ఇల్లు కలిమిలో వెనక ఉండాలి. ఇదేదో నా కొలతలు తీసుకుని కుట్టిన రవికలాగా ఉందనుకున్నాను. నాయన కూడా ఒప్పుకున్నాడు. "అది వస్తే పోమ్మే, ఎవరొద్దన్నారు? రాకపోతే మాత్రం ట్రైనింగు స్కూల్లో చేరి పక్కూళ్ళో పంతులమ్మవి కా. నా దగ్గిర ఇంక అమ్మేదానికి ఏం లేదు" అన్నాడు. నేను అర్జీ పెట్టాను. మర్నాడు పెరటి దారిలోంచి నెమ్మదమ్మ వచ్చి, "నేను గూడా పెట్టినా మే" అంది మెల్లగా.

"నీకెందుకక్కా? మీ నాయన ఒక తోట కొట్టిస్తే నువ్వు లండన్ పోయి చదవొచ్చు గదా!"

"పెట్టి చూడమన్నాడు మే నాయన. పోయేదేముంది అన్నాడు."

పోయేది నాది కదా! కరణంగారిచ్చే ఆదాయం సర్టిఫికెట్లో భూమి తాతయ్య పేరు మీద ఉండేసరికి రెండిళ్ళూ ఒక్కటే పేదరికంగా కనిపించాయి. అందుకే ఆ సంఘంవాళ్ళు ఫలానా రోజున స్వయంగా వచ్చి రెండిళ్ళూ చూసి తేల్చుకుంటామని కబురు పెట్టారు. నాకు ప్రాణం లేచి వచ్చింది. చూస్తే చాలదూ? పడక్కుర్చీ ఉన్న ఇల్లేదో, పీటలున్న ఇల్లేదో కళ్ళున్నవాళ్ళకు చెప్పాలా?

ఇక్కడ మా వీధి ఆచారం ఒకటి చెప్పాలి. బయటి మనుషులు ఏ ఇంటికి వచ్చినా వీధి వీధంతా సాయానికి కదిలేది. ఒకరింటి కుర్చీలు, ఒకరింటి దుప్పట్లు, ఒకరింటి కాఫీ పొడి వచ్చి ఆ ఇంటికి చేరేవి. అది అబద్ధమని ఎవరూ అనుకునేవారు కాదు. పైగా దానికి గట్టి కట్టుబాటు ఉండేది. ఇచ్చినవాళ్ళు వచ్చినవాళ్ళ ముందర 'అది మాది' అని చచ్చినా అనకూడదు. ఒకసారి ఒకావిడ పెళ్ళిచూపులవాళ్ళ ముందు "మా దుప్పటి మీద కాఫీ ఒలకనీకండమ్మా" అన్నందుకు, ఆ పైన ఆమె ఇంటి నుంచి వీధిలో ఎవరూ కరివేపాకు రెబ్బ కూడా అడగలేదు.

సంఘంవాళ్ళు వస్తున్నారని వినగానే మా అవ్వ కొంగు దోపింది. మా అమ్మ మాత్రం కాస్త సందేహపడి, "వాళ్ళు మనకి లేదని చూసేదానికి గదత్తా వచ్చేది?" అంది.

"లేదని నోటితో చెప్తే చాలదా? ఇల్లు బోసిగా పెట్టి చూపించాల్నా?" అని లేచింది అవ్వ. "వాళ్ళు చదివే పిల్లకి సాయం జేస్తారా, అడుక్కునేవాళ్ళకి బిచ్చమేస్తారా? పెద్ద పెద్ద చదువులు చదివినోళ్ళు వచ్చి పీట మీద కూచుంటే నా తల యాడ పెట్టుకోవాల?"

మరి షరతు ఇంగ్లీషులో చదివి అందరికీ తెలుగులో అర్థం చెప్పిన నేను ఏం చేస్తున్నాను అని మీరు అడగవచ్చు. నేను పెరటి దారిలోంచి రేడియో మోసుకొస్తున్నాను. ఏం చెయ్యను? ఆ రేడియోను అంతవరకు నన్ను ముట్టుకోనిచ్చిన వాళ్ళు లేరు. ఆ పడక్కుర్చీలో పెదనాన్న లేనప్పుడు నెమ్మదమ్మ కాళ్ళు చాపుకుని పుస్తకం చదువుకుంటుంటే, నేను గోడకు ఆనుకుని నిలబడి చదివేదాన్ని. ఒక్క పూటకైనా అవి మా ఇంట్లో ఉంటాయంటే ఆ షరతు, ఆ ఆనర్సు, అన్నీ బుర్రలోంచి ఎగిరిపోయాయి. (ఆనర్సు చదవబోయే పిల్ల ఇంట్లో కుర్చీ కూడా లేకపోతే వాళ్ళకు నమ్మకం కుదరదని అమ్మతో వాదించాను కూడా. ఆ వాదన ఇప్పటికీ బాగానే ఉందని నా అభిప్రాయం.)

పెదనాన్న మద్రాసు పోయి ఉన్నాడు. పెద్దమ్మ అడిగినవీ ఇచ్చింది, అడగనివీ ఇచ్చింది. "ఈ టేబుల్ గుడ్డ గూడా తీసకపోమ్మే, పువ్వులు కుట్టింది మా అమ్మాయే" అంది. నెమ్మదమ్మ తానే స్టీలు గ్లాసులు కొంగులో పెట్టుకుని తెచ్చి మా గూట్లో సర్దింది. రేడియో ఏరియల్ తీగను వాళ్ళ కప్పు మీద నుంచి మా కప్పు మీదికి లాగాం. మరి వాళ్ళింటికి కూడా వస్తారు కదా అంటే, అవ్వ దగ్గర దానికీ ఉపాయం ఉంది. మా ఇంట్లో కాఫీలు అయ్యాక నాయన వాళ్ళను ఉప్పెక్కిన పొలం చూపించడానికి తీసుకుపోతాడు. వాళ్ళు తిరిగొచ్చేలోగా సామాను పెరటి దారిలోంచి అవతలికి పోతుంది. అవ్వ చదువుకుని ఉంటే రైళ్ళ టైంటేబుళ్ళు వేసేది.

వాళ్ళు వచ్చారు. ఒకరు కావలిలో పేరున్న ప్లీడరుగారు, బాగా లావుపాటి మనిషి. ఇంకొకరు మిషన్ బడిలో హెడ్‌మిస్ట్రెస్, తెల్లచీర, సన్నటి కళ్ళజోడు, చురుకైన చూపు. ఆమెను మేమంతా టీచరమ్మగారు అన్నాం. కారు కాలవ దగ్గరే ఇసుకలో కూరుకుపోతే ఎండలో నడిచొచ్చిన ప్లీడరుగారు గుమ్మంలోకి అడుగు పెట్టి, పడక్కుర్చీని చూసి, ఇంక ఎవరూ చెప్పకుండానే అందులో పడ్డారు. నన్ను టీచరమ్మగారే ప్రశ్నలడిగారు. షేక్స్పియర్ అడిగారు, అశోకుడు అడిగారు, నేను అన్నీ చెప్పాను. ఒక తేదీ దగ్గర ఆమె పొరపాటు పడితే దిద్దాను కూడా. ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. రేడియో పాడుతోంది. అవ్వ పెసరట్ల మీద పెసరట్లు వేయించి పంపిస్తోంది, నెయ్యితో (నెయ్యి ఎవరిదో చెప్పనక్కర్లేదు). ప్లీడరుగారు స్టీలు గ్లాసుతో కాఫీ తాగి, "సలక్షణమైన కుటుంబం. చూడముచ్చటగా ఉండాది" అన్నారు. ఆ మాట మెచ్చుకోలు కాదని ఇంట్లో నాకొక్కదానికే తట్టింది, అది కూడా ఆలస్యంగా.

"రండి సార్, పొలం చూసొద్దాం" అన్నాడు నాయన. ప్లీడరుగారు నోరు తెరిచి నిద్రపోతున్నారు. నాయన దగ్గాడు. అమ్మ గిన్నె కింద పడేసింది. రేడియో గొంతు పెంచాను. పెసరట్లు తిని, ఎండలో నడిచి, పడక్కుర్చీ ఎక్కిన ప్లీడరును లేపడం ఎవరి తరం? మేమంతా కుర్చీ చుట్టూ నిలబడి ఆయన్ను చూస్తుంటే, టీచరమ్మగారు "ఆయన్ను పడుకోనీయండి, ఆ రెండో అమ్మాయిని నేను చూసొస్తాను" అంటూ చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి పోయి, ఆ తలుపులేని దారిలోంచి నేరుగా అవతలికి నడిచిపోయారు.

నేను వెనకాలే పరిగెత్తి గోడ దగ్గర ఆగాను. అవతల వసారా అంతా ఖాళీ. కుర్చీ లేదు, బల్ల లేదు, గూట్లో గ్లాసు లేదు. నెమ్మదమ్మ ఒక ఈతచాప పరిచి, "కూచోండమ్మా" అని, లోపలికి పోయి మట్టి ముంతలో మజ్జిగ తెచ్చి రెండు చేతులా ఇచ్చింది. వేరే ఏముంది ఇవ్వడానికి? అంతా మా ఇంట్లో ఉంటే! టీచరమ్మగారు ఆ ముంతను చూశారు, ఆ చాపను చూశారు, తల వంచుకుని నిలబడ్డ నెమ్మదమ్మను చూశారు. ఆమె ముఖం వెన్నలా కరుగుతుంటే గోడ ఇవతల నా కడుపు కుమ్మరావంలా మండింది. నాకు న్యాయంగా దక్కిన పేదరికాన్ని ఆ పిల్ల ఒక్క పూటలో కొట్టేసింది!

ఇంక నా వల్ల కాలేదు. "టీచరమ్మగారూ, ఒక్కసారి ఇటు రండి!" అని ఆమెను చెయ్యి పట్టుకుని మా ఇంట్లోకి లాక్కొచ్చాను. వెనకాలే పెద్దమ్మా, నెమ్మదమ్మా వచ్చారు. ఆ గొడవకు ప్లీడరుగారు ఉలిక్కిపడి లేచారు. ఆయన చేతిపక్కనున్న గ్లాసు తీసి బోర్లించి చూపించాను. ఆ రోజుల్లో ఏ పాత్ర కొన్నా దాని మీద పేరు వేయించేవారు. "చదవండి! ఇది ఎవరి పేరు? మా పెద్దమ్మ పేరు! ఈ కుర్చీ వాళ్ళది. ఆ రేడియో వాళ్ళది, తీగ ఎవరి కప్పు మీద నుంచి వచ్చిందో బయటికొచ్చి చూడండి. ఆ టేబుల్ గుడ్డ వాళ్ళది. మీరు తిన్న పెసరట్ల మీద నెయ్యి కూడా వాళ్ళదే! మాకేమీ లేదు. మేం నిజంగా బీదవాళ్ళం!"

నా బతుకులో నేను అసూయతో కాకుండా నిజం కోసమే నోరు తెరిచింది ఆ ఒక్కసారే. (సరే, ముప్పాతిక భాగం నిజం కోసం.)

అవ్వ ముఖం ఎర్రబడింది. "మతి బోయిందా మే నీకు! అన్నీ మావే నాయనా, మా ఇంటివే. పిల్ల ఎండలో తిరిగి ఏందో పేల్తా ఉండాది."

"పెద్దమ్మా, నువ్వు చెప్పు! ఈ గ్లాసు నీది గదా?"

పెద్దమ్మ నా వైపు చూసింది, వచ్చినవాళ్ళ వైపు చూసింది. కట్టుబాటు కట్టుబాటే. "మావెక్కడివి తల్లీ! అన్నీ మీ ఇంటివే గదా" అంది, ఎంతో పెద్ద మనసుతో.

నాయన వైపు తిరిగాను. నాయన దూలాలు లెక్కపెట్టుకుంటున్నాడు. అప్పుడు టీచరమ్మగారు నెమ్మదమ్మను దగ్గరికి పిలిచి, గడ్డం కింద చెయ్యి పెట్టి, "నువ్వు చెప్పమ్మా. ఇవన్నీ ఎవరివి?" అని అడిగారు. నెమ్మదమ్మ అవ్వను చూసింది. నన్ను చూసింది. ఆ పిల్లి కూడా కళ్ళు తెరవని గొంతుతో, "చెల్లెలు వాళ్ళవేనండీ" అంది.

ప్లీడరుగారు కుర్చీలోంచి కష్టపడి లేచి, నా నెత్తిన చెయ్యి పెట్టి, "బాగా చదువుతావు, బాగా మాట్లాడతావు. కానీ ఇంత కలిగి ఉండి పక్కింటి పిల్లకి రాకూడదని అసూయ పడొచ్చునా అమ్మా?" అన్నారు. కొడితే కూడా అంత నొప్పి పుట్టేది కాదు.

వాళ్ళు వెళ్ళిపోయాక సామానంతా నేనే మోసుకుపోయి ఇచ్చాను. "ఇంకో నాలుగు రోజులు ఉంచుకోమ్మే, తొందరేముండాది" అంది పెద్దమ్మ. ఆమె చల్లని మనసు చూసి నాకు ఇంకా ఒళ్ళు మండింది. స్కాలర్‌షిప్ నెమ్మదమ్మకు వచ్చింది. పెదనాన్న మద్రాసు నుంచి వచ్చి, జరిగింది విని, పొట్ట చేత పట్టుకుని నవ్వి, ఆ పైన మంచి మనిషి కాబట్టి, "అది వకీలమ్మకు రావాల్సింది, మనకొద్దని రాసేస్తా" అన్నాడు. అవ్వ ఒప్పుకోలేదు. "ఇప్పుడొద్దని రాస్తే నేను ఆడిన అబద్ధం బయట పడదా? వాళ్ళ ముందర ఇంటి మర్యాద ఏం గావాల?" అంది. నా ఆనర్సుకూ అవ్వ మర్యాదకూ పోటీ పెడితే మా ఇంట్లో ఏది గెలుస్తుందో వేరే చెప్పాలా?

బిట్రగుంట స్టేషనుకు నేనూ వెళ్ళాను, నెమ్మదమ్మ ట్రంకు పెట్టె ఒక పక్క పట్టుకుని. కిటికీలోంచి ఆమె నా చెయ్యి పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుని, "నీకేం తీసకరావాల మే నేనొచ్చేటప్పుడు?" అంది.

"నువ్వు కూచున్న సీటు తీసకరా" అన్నాను. రైలు కదిలింది.

నేను ట్రైనింగు స్కూలుకు పోనని మొండికేసి ఏడాదంతా ఇంట్లో కూర్చున్నాను. మరుసటి ఏడు వానలకు ఉప్పు కడుక్కుపోయి, నాలుగు గింజలు చేతికొచ్చాక నాయన నన్ను కావలి కాలేజీలో వేశాడు. తెల్లవారి బస్సులో జువ్వలదిన్నె రేవు నుంచి వచ్చే చేపల బుట్టల మధ్య కూర్చుని వెళ్ళేదాన్ని. నా బి.ఎ. పుస్తకాలకు ఇప్పటికీ కాస్త వాసన ఉందని మా పిల్లలు ముక్కు మూసుకుంటారు. అప్పటికి నెమ్మదమ్మ రెండో సంవత్సరంలో ఉంది. నెల పెద్దది కాస్తా ఏడాది పెద్దదయింది. సెలవులకు వచ్చి, హాస్టల్లో గంట కొడితే అన్నం పెడతారనీ, లైబ్రరీలో మెట్లెక్కితే గానీ పై అర పుస్తకాలు అందవనీ ఆమె మెల్లమెల్లగా చెబుతుంటే, నేను "ఓస్, అంతేనా" అనేదాన్ని. రాత్రి పడుకుని ఆ మెట్లు నేనే ఎక్కేదాన్ని.

చాలా ఏళ్ళ తరవాత, ఇద్దరం పిల్లల తల్లులమయ్యాక, ఒకసారి అడిగేశాను. "ఆ రోజు నిజం చెప్పి ఉంటే నీ సొమ్మేం పోయేదక్కా?"

"అవ్వ చూస్తా ఉండింది గదే" అంది.

"అంతేనా?"

"అంతే" అని నవ్వింది. ఆ నవ్వు మీద నాకు ఇప్పటికీ అనుమానమే.

ఈ మధ్య పెదనాన్న వాళ్ళ పాత ఇల్లు విప్పి కొత్తది కట్టించేటప్పుడు, ఒకరోజు మా ఇంటి ముందు ఎడ్లబండి ఆగింది. బండిలో పడక్కుర్చీ. "నీకిష్టం గదా, ఉంచుకో" అని నెమ్మదమ్మ చెప్పి పంపించింది. కొత్త గుడ్డ వేయించి వసారాలో పెట్టుకున్నాను. దానిలో కాళ్ళు చాపుకుని చదివితే ఎంత హాయిగా ఉంటుందో, గోడకు ఆనుకుని నిలబడి చూసినన్నాళ్ళు నేను ఊహించుకున్నదానికంటే కొంచెం తక్కువగానే ఉంది. నడుము కూడా పట్టేస్తోంది. అయినా లేవను.

మొన్న నెమ్మదమ్మ మా ఇంట్లో ఉండగా, మా ఆయన స్నేహితులెవరో వచ్చి కుర్చీని మెచ్చుకున్నారు. ఇన్నేళ్ళకు నాకు సమయం దొరికింది. "ఇది మాది కాదండీ, మా అక్కది!" అన్నాను, వీధంతా వినపడేలా.

నెమ్మదమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టి, తల వంచుకుని, "కాదులేండి, చెల్లెలిదే" అంది.

"నీదే!" అన్నాను. "దానిదేనండీ" అంది. నేను వాదించాను. కుర్చీ ఎప్పుడు కొన్నారో, ఏ తోట కొట్టిన ఏడాది కొన్నారో, ఎవరు ఎక్కించి తెచ్చారో వరసగా సాక్ష్యాలు చెప్పాను. వచ్చినాయన ఓపిగ్గా అంతా విని, నెమ్మదమ్మ వైపు తిరిగి, "మీ చెల్లెలుగారికి మీరంటే ఎంత ప్రేమండీ" అన్నాడు.

ఈసారి కూడా ఆమె మాటే నమ్మారు. నేను ఆ కుర్చీలోనే వెనక్కి వాలి, కాళ్ళు చాపుకుని, ఆమెను చూస్తూ బాగా కుళ్ళుకున్నాను. ఈ వయసులో కూడా నా చేత ఇంత శ్రద్ధగా అసూయ పడేట్టు చేయగలిగే మనిషి నాకు వేరే ఎవరున్నారు?